క్లిప్పుల కింది సిమెంటుకు క్రిముల్ని చంపే పని కూడా అప్పగిస్తే

ఏడాదిన్నరో రెండేళ్లో పళ్లకు క్లిప్పులు మోసి, చివరికి తీయించుకున్న రోజున అద్దంలో చూసుకుంటే వరుస చక్కగానే ఉంటుంది. కానీ కొందరికి ఒక్కో పన్ను మీద, బ్రాకెట్ (వైరును పట్టి ఉంచే చిన్న బిళ్ల) అంటించిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ తేలుతుంది. బ్రాకెట్ కప్పి ఉంచినంత మేర పన్ను మామూలుగానే ఉంటుంది. దాని అంచు వెంట, ముఖ్యంగా చిగుళ్ల వైపు, గీత గీసినట్టు తెల్లబడుతుంది. డాక్టర్లు దీన్ని వైట్ స్పాట్ అంటారు. పేరుకు మచ్చే గానీ అది పుచ్చు మొదలైందనడానికి తొలి గుర్తు. 1982లో అమెరికాలో గోరెలిక్ బృందం ప్రచురించిన పరిశీలనలో, క్లిప్పులు వేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి కనీసం ఒక పన్ను మీదైనా ఇలాంటి మచ్చ కనిపించింది. క్లిప్పులు లేనివారిలో అలాంటివారు పావు వంతు మందే.

మచ్చ ఎలా వస్తుందన్నదాంట్లో పెద్ద రహస్యం లేదు. పంటి మీద పేరుకునే పాచిలో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, ల్యాక్టోబాసిల్లస్ వంటి బ్యాక్టీరియా ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవి ల్యాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పాచి కింద పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పీహెచ్‌ను మళ్లీ పైకి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా ఇంకో బిస్కెట్ తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. క్లిప్పులు లేని నోట్లో నాలుక, పెదవి, బ్రష్ కలిసి ఈ పాచిని కొంతైనా తుడిచేస్తుంటాయి. బ్రాకెట్, వైరు, రబ్బరు రింగు వచ్చాక ఆ మూడింటికీ దారి మూసుకుపోతుంది. పైగా బ్రాకెట్ అంచు దాటి బయటికి పొంగిన సిమెంటు గరుకుగా ఉండి, బ్యాక్టీరియా పట్టుకుని కూర్చోవడానికి వీలుగా మారుతుంది. శుభ్రత సరిగ్గా లేకపోతే నాలుగు వారాల్లోనే ఎనామిల్ కరగడం కొలవగలిగే స్థాయికి చేరుతుందని 1980లలోనే రుజువైంది. అంటే వైరు బిగించుకోవడానికి మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లే లోపే.

తెలుగు నేల మీద ఈ మచ్చల విషయంలో ఒక చిక్కు కూడా ఉంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారికి క్లిప్పులు వేయకముందే పళ్ల మీద తెల్లటి, గోధుమ రంగు మచ్చలు ఉండవచ్చు. అవి సాధారణంగా కుడి ఎడమల రెండు వైపులా ఒకే తీరుగా, పన్నంతా పరుచుకుని ఉంటాయి. క్లిప్పుల వల్ల వచ్చినవి బ్రాకెట్ ఆకారాన్ని అనుసరిస్తాయి. చికిత్సకు ముందు తీసిన ఫొటోలు లేకపోతే తర్వాత ఏది ఏదో తేల్చడం కష్టం. ఇలా ఫ్లోరైడ్ మచ్చలు పడిన (ఫ్లోరోసిస్ ఉన్న) ఎనామిల్ పైపొర, బ్రాకెట్ అంటించే ముందు పంటిని గరుకు చేసే ఆమ్లానికి అంత సులువుగా లొంగదు కాబట్టి బ్రాకెట్ అంటించడంలోనూ అదనపు జాగ్రత్త కావాలి.

బ్యాక్టీరియాకు ఇల్లుగా మారుతున్న ఆ సిమెంటుకే దాన్ని చంపే గుణం కలిపితే పోదా అన్న ఆలోచన ఇక్కడే పుట్టింది. వినడానికి చాలా సులువైన ఆలోచన. ఆచరణలో ఎక్కడ చిక్కుకుందో అర్థం కావాలంటే ముందు ఆ సిమెంటు ఏం పని చేస్తుందో చూడాలి.

ఒకప్పుడు ప్రతి పంటికీ లోహపు బ్యాండ్ తొడిగి, లోపల జింక్ ఫాస్ఫేట్ సిమెంటు నింపేవారు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్దిగా గరుకు చేస్తే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1965లో జార్జ్ న్యూమన్ అదే పద్ధతిలో బ్రాకెట్లను నేరుగా పంటికి అంటించాడు. ఇప్పటి పద్ధతికి మూలం అదే: 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం జెల్, దాని మీద పల్చటి ప్రైమర్, ఆపైన రెజిన్ పేస్టు, చివరికి అది గట్టిపడటానికి నీలం లైటు. వెనక దవడ పళ్ల బ్యాండ్లకు మాత్రం ఎక్కువగా గ్లాస్ అయోనోమర్ సిమెంటు వాడతారు. లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ తయారు చేసి 1970ల మొదట్లో ప్రకటించిన పదార్థం ఇది. దీని గొప్ప ఏమిటంటే, ఎనామిల్ కరగకుండా కాపాడే ఫ్లోరైడ్‌ను వదులుతుంది. తొలి కొన్ని రోజులు ధారాళంగా వదిలి, తర్వాత బాగా తగ్గించేస్తుంది. అయినా పేస్టు నుంచి, మౌత్‌వాష్ నుంచి ఫ్లోరైడ్‌ను కొంత తిరిగి నింపుకోగలదు. బలంలో మాత్రం రెజిన్ కంటే వెనకే. రెజిన్ కలిపిన గ్లాస్ అయోనోమర్ ఈ రెండింటికీ మధ్యస్థంగా నిలుస్తుంది.

ఇంత బలం ఎందుకంటే, బ్రాకెట్ రెండేళ్లు వైరు లాగుడునీ, జంతికలు, పల్లీ పట్టీల దాడినీ తట్టుకోవాలి. 1975లో రేనాల్డ్స్ చెప్పిన లెక్క ప్రకారం లాగుడును తట్టుకునే బలం కొలతలో సుమారు 6 నుంచి 8 మెగాపాస్కల్‌ల పట్టు ఉంటే చాలు. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ ఆ అంకెనే పట్టుకుని వేలాడుతున్నారు. ఇంకోవైపు ఆ పట్టు మరీ ఎక్కువైనా ఇబ్బందే. చివరి రోజున బ్రాకెట్ పీకేటప్పుడు ఎనామిల్ పెచ్చు దానితో పాటు ఊడి రాకూడదు. పంటికి శాశ్వతంగా పెట్టే సిమెంట్లు చాలావరకు ఎంత గట్టిగా ఉంటే అంత మేలు. ఇది మాత్రం గట్టిగా పట్టుకోవాలి, అడిగిన రోజున మర్యాదగా వదిలిపెట్టాలి. కొత్తగా ఏం కలిపినా ఈ సన్నటి గీత మీదే నడవాలి.

నానో కణం ఏం చేస్తుంది

1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నదాన్ని నానో కణం అంటారు. మ్యూటన్స్ బ్యాక్టీరియా ఒక్కోటి ఐదు వందల నానోమీటర్ల పైనే ఉంటుంది. పటికబెల్లం గడ్డను నోట్లో వేసుకుంటే కరగడానికి చాలాసేపు పడుతుంది. దాన్నే పొడి చేస్తే క్షణంలో కరుగుతుంది. బరువు అంతే, బయటికి తగిలే ఉపరితలం పెరిగింది. లోహాన్ని నానో కణాలుగా చేస్తే జరిగేదీ ఇదే. తక్కువ లోహంతో ఎక్కువ అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) బయటికి వస్తాయి.

వెండి అందరికంటే ముందుంది. అతి తక్కువ మోతాదులో లోహాలు సూక్ష్మజీవుల్ని చంపే గుణానికి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త కార్ల్ నేగెలి ‘ఒలిగోడైనమిక్’ అని పేరు పెట్టాడు; ఆ రచన ఆయన చనిపోయాక 1893లో వెలువడింది. వెండి అయాన్లు బ్యాక్టీరియా ప్రొటీన్లలోని గంధకం గుంపులను పట్టుకుని ఎంజైములను స్తంభింపజేస్తాయి, దాని పొరకు చిల్లులు పొడుస్తాయి. 2008లో మెక్సికో పరిశోధకులు మ్యూటన్స్ మీద వెండి, జింక్ ఆక్సైడ్, బంగారం నానో కణాలను పోల్చారు. ఎదుగుదల ఆపడానికి వెండి మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు సరిపోతే, జింక్ ఆక్సైడ్ దానికి వంద రెట్లు కావాల్సి వచ్చింది. 2009లో దక్షిణ కొరియా బృందం క్లిప్పుల సిమెంటులోనే వెండి నానో కణాలు కలిపి చూసింది. ఉపరితలం కాస్త గరుకైనా బ్యాక్టీరియా తక్కువ అంటుకుంది, పట్టు పెద్దగా తగ్గలేదు. ఆ తర్వాత ఈ అంశం మీద వ్యాసాల వరద మొదలైంది.

వెండితో ఉన్న తంటా రంగు. పుచ్చును ఆపడానికి పూసే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ పుచ్చిన భాగాన్ని బొగ్గులా నల్లగా చేస్తుందన్నది డెంటిస్టులకు బాగా తెలిసిన సంగతే. నానో వెండి మోతాదు చాలా తక్కువే అయినా, నవ్వు బాగుండాలని లక్ష ఖర్చుపెట్టుకునేవారి ముందు పళ్ల మీద బూడిద రంగు ఛాయ వచ్చినా ఒప్పుకునేవారు ఉండరు.

తెల్లగా ఉండే టైటానియం డయాక్సైడ్‌కు ఆ బాధ లేదు. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా దీని మీద అతినీలలోహిత కాంతి పడితే నీళ్లు విడిపోతాయని చూపించారు. ఆ చర్యలో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు బ్యాక్టీరియాను కాల్చేస్తాయి. కానీ నోరు మూసుకుంటే చీకటి. తెరిచినా లోపలికి పోయే అతినీలలోహిత కాంతి ఎంత? చీకట్లోనూ కొంత పని చేసినట్టు కొన్ని ప్రయోగాలు చెబుతున్నా, దాని అసలు బలం వెలుతురులోనే. పసుపులోని కర్క్యుమిన్‌ను నానో రూపంలో కలిపి, నీలం లైటు వేసినప్పుడు అది బ్యాక్టీరియాను చంపేలా చూసే ప్రయోగాలు ఇరాన్‌లో చాలా జరిగాయి. ఇందులో ఒక సౌకర్యం ఉంది. సిమెంటును గట్టిపరచే నీలం లైటు ప్రతి డెంటల్ క్లినిక్‌లోనూ ఉంటుంది కాబట్టి, చెకప్‌కు వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ వేయొచ్చు. పసుపు రంగు సంగతి మాత్రం వెండి నలుపు లాగే తేలాల్సిందే.

కైటోసాన్ కథ తెలుగువారికి దగ్గరిది. రొయ్య పెంకుల్లోని కైటిన్‌ను క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ వస్తుంది. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశే కాబట్టి, భీమవరం చుట్టుపక్కల ప్లాంట్లలో ఒలిచి పడేసే పెంకు దీనికి ముడిసరుకు కాగలదు. ఆమ్ల వాతావరణంలో కైటోసాన్ ధనావేశం పొంది, రుణావేశం ఉన్న బ్యాక్టీరియా గోడను పట్టుకుంటుంది. పాచి కింద ఎలాగూ ఆమ్లమే కాబట్టి అవసరమైన చోటే చురుగ్గా ఉంటుందని ఆశ. దీన్ని ఒక్కదాన్నే కాక టైటానియం డయాక్సైడ్‌తో జత చేసి కూడా పరీక్షించారు.

ఒక చిన్న లెక్క

ఇవన్నీ ప్రయోగశాలలో బ్యాక్టీరియాను చంపుతాయి. అందులో అనుమానం లేదు. పరిశోధన పత్రాల్లో పెద్దగా కనిపించని లెక్క ఒకటుంది. దాన్ని వేసి చూస్తే విషయం వేరుగా కనిపిస్తుంది.

బ్రాకెట్ అడుగు 3 మిల్లీమీటర్లు వెడల్పు, 4 మిల్లీమీటర్లు పొడవు అనుకుందాం. కింద సిమెంటు పొర 0.2 మిల్లీమీటర్లు. మొత్తం సిమెంటు 2.4 ఘనపు మిల్లీమీటర్లు, బరువు సుమారు 5 మిల్లీగ్రాములు. అందులో 1 శాతం వెండి కలిపారనుకుంటే ఒక్కో బ్రాకెట్ కింద 0.05 మిల్లీగ్రాములు. నోట్లో ఇరవై బ్రాకెట్లు ఉంటే అంతా కలిపి 1 మిల్లీగ్రాము. ఆ మొత్తం వెండి రెండేళ్లలో రోజూ సమానంగా బయటికొచ్చిందనుకున్నా, రోజుకు వచ్చేది దాదాపు 1.4 మైక్రోగ్రాములు. రోజుకు లీటరు లాలాజలం ఊరుతుందనుకుంటే లీటరుకు 1.4 మైక్రోగ్రాములు. బ్యాక్టీరియాను ఆపడానికి కావాల్సింది మిల్లీలీటరుకు 5, అంటే లీటరుకు 5,000 మైక్రోగ్రాములు. మూడు వేల రెట్లకు పైగా తక్కువ. పైగా 1 శాతం అన్నది ఉదారంగా వేసిన అంకె. కొరియా ప్రయోగంలో వాడింది అంతకంటే చాలా తక్కువ.

కాబట్టి సిమెంటులోని కణాలు నోటినంతా శుభ్రం చేస్తాయన్న మాట నమ్మదగింది కాదు. పని చేస్తే గిస్తే సిమెంటుకు ఆనుకుని ఉన్న పాచి పొరలోనే, లాలాజలం ఇంకా పలచన చేయని చోటే చేయాలి. అక్కడా రెండో అడ్డంకి ఉంది. పైన చెప్పిన బ్రాకెట్ చుట్టుకొలత 14 మిల్లీమీటర్లు. సిమెంటు నోటికి తగిలేది ఆ అంచు వెంట 0.2 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే, అంటే 2.8 చదరపు మిల్లీమీటర్లు. మిగిలినదంతా లోహానికీ పంటికీ మధ్య చిక్కుకుని ఉంటుంది. అందులోని కణాలు బ్యాక్టీరియా మొహం కూడా చూడవు. ల్యాబులో మాత్రం 5 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్లను తయారు చేసి బ్యాక్టీరియాలో పెడతారు. ఒక్క ముఖమే 20 చదరపు మిల్లీమీటర్లు. ఏడు రెట్లు ఎక్కువ ఉపరితలంతో వచ్చిన ఫలితాన్ని బ్రాకెట్‌కు అంటగట్టడం సరికాదు.

ఈ ఇరుకులోంచి బయటపడాలంటే రెండు దారులున్నాయి, రెండింటికీ ముల్లుంది. అయాన్లను వదిలే రకం చుట్టుపక్కల కొంత దూరం వరకు కాపాడగలదు, కానీ ఒకనాటికి అయిపోతుంది. మొదటి వారాల్లోనే ఎక్కువ వదిలేసి, పాచి ముదిరే నెలల్లో చేతులెత్తేస్తుంది. రెండోది, ఏమీ వదలకుండా తాకినదాన్ని తాకినట్టే చంపే రకం. జపాన్‌లోని ఒసాకాలో సతోషి ఇమజాటో బృందం 1990లలో, రెజిన్‌గా అల్లుకునే చిన్న అణువుల్లో ఒకటైన ఎండీపీబీ అనే మోనోమర్‌ను రూపొందించింది. బ్యాక్టీరియాను తాకి చంపే క్వాటర్నరీ అమోనియం గుంపు ఉన్న ఈ అణువు రెజిన్ గట్టిపడేటప్పుడు దానిలో భాగమైపోతుంది, కరిగి పోదు. ఇజ్రాయెల్ పరిశోధకులు ఇదే సూత్రాన్ని నానో కణాల రూపంలోకి తెచ్చారు. ఇవి అయిపోవు. కానీ పన్ను కడిగిన నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రొటీన్లు ప్రతి ఉపరితలం మీదా పల్చటి పొర కట్టేస్తాయి. ఆ పొర మీద చచ్చిన బ్యాక్టీరియా మరో పరదా వేస్తుంది. తాకితే చంపే ఆయుధానికి దుప్పటి కప్పినట్టు అవుతుంది. అంతేకాదు, తెల్లమచ్చ వచ్చేది సిమెంటు మీద కాదు, దాని పక్కనున్న ఎనామిల్ మీద. సిమెంటు ఎంత శుభ్రంగా ఉన్నా అర మిల్లీమీటరు అవతల పాచి తన పని తాను చేసుకుపోగలదు.

అందుకే చంపడం మానేసి నింపడం మీద దృష్టి పెట్టిన ప్రయత్నాలు ఎక్కువ ఆశాజనకంగా కనిపిస్తాయి. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో హాకిన్ షూ బృందం కాల్షియం ఫాస్ఫేట్ నానో కణాల మీద చాలా ఏళ్లుగా పని చేస్తోంది. పీహెచ్ పడిపోయినప్పుడు ఈ కణాలు కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లను ఎక్కువగా వదులుతాయి. ఎనామిల్ ఏం పోగొట్టుకుంటోందో అదే అందుతుంది, అది కూడా పోగొట్టుకుంటున్న వేళకే. అయిపోయిన అయాన్లను మౌత్‌వాష్ లాంటి ద్రావణంతో మళ్లీ నింపే రకాలనూ వారు తయారు చేశారు. రెండేళ్ల చికిత్సకు తగిన ఆలోచన ఏదైనా ఉంటే అది ఇలా రీచార్జ్ అయ్యేదే అయి ఉండాలి.

కలపడంలో ఉన్న పేచీ

నానో కణాలకు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కట్టే అలవాటు ఉంది. ఉప్మా రవ్వ ఒక్కసారిగా పోస్తే ఉండలు కట్టినట్టే. ఆ ముద్ద చుట్టూ రెజిన్ సరిగ్గా పట్టదు, బలం పడినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. ముద్ద కట్టిన కణం నానో కణంలా పని చేయదు కూడా. కాబట్టి చంపే శక్తి పెంచడానికి మోతాదు పెంచితే, ఒక స్థాయి దాటాక పట్టు తగ్గడం, చంపే శక్తి పెరగకపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి. 1 శాతం దగ్గర బాగున్నవి 5, 10 శాతాలకు వచ్చేసరికి బలహీనపడటం ఈ పరిశోధనల్లో తరచూ కనిపించే దృశ్యం.

వెలుతురు సంగతి ఇంకొకటి. సిమెంటును గట్టిపరచే నీలం కాంతి సుమారు 470 నానోమీటర్లది. రెజిన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందన్న కొలత) 1.5 చిల్లర, జింక్ ఆక్సైడ్‌ది సుమారు 2, టైటానియం డయాక్సైడ్‌ది 2.5 దాకా. తేడా ఎంత ఎక్కువైతే కాంతి అంత చెదిరిపోతుంది. అసలే లోహపు బ్రాకెట్ అడ్డం ఉండి పక్కల నుంచి వచ్చే కాంతితోనే లోపలి సిమెంటు గట్టిపడాలి. కణాలు దాన్నీ చెదరగొడితే లోపల సగం ఉడికిన అన్నంలా, గట్టిపడని మోనోమర్ మిగిలిపోతుంది. అది తర్వాత మెల్లగా బయటికి కారుతుంది. కొన్ని ప్రయోగాల్లో బ్యాక్టీరియా చావడానికి నానో కణం ఎంత కారణమో, ఈ కారిన మోనోమర్ ఎంత కారణమో వేరుచేసి చూడకపోతే ఫలితాన్ని తప్పుగా చదివే ప్రమాదం ఉంది.

ప్రయోగాల తీరు మీద ఇంకా అనాల్సింది ఉంది. క్లిప్పుల చికిత్సలో చోటు కోసం పీకేసిన ప్రీమోలార్ పళ్లకు (కోర పళ్ల వెనక ఉండేవి) బ్రాకెట్లు అంటించి, 5 డిగ్రీల, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి ముంచి, యంత్రంతో లాగి పట్టు కొలుస్తారు. ఐస్‌క్రీమ్, వేడి కాఫీలకు బదులన్నమాట. బ్యాక్టీరియా వైపు చూస్తే ఎక్కువగా మ్యూటన్స్ ఒక్కదాన్నే పెంచి, ఒక రోజు నుంచి నెల లోపు లెక్క తీస్తారు. మనిషి నోట్లో వందల రకాల సూక్ష్మజీవులు కలిసి కాపురం చేస్తాయి, చికిత్స రెండేళ్లు సాగుతుంది. రెండేళ్ల తర్వాత మచ్చలు నిజంగా తగ్గాయా అని మనుషుల మీద చూసిన ప్రయోగాలతో పోలిస్తే ల్యాబు ప్లేట్లలో చేసినవి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే నోట్లో కుడి సగానికి కొత్త సిమెంటు, ఎడమ సగానికి పాతది వేసి, చివరిదాకా ఫొటోలు తీసి పోల్చడం కష్టమైన పనే గానీ అసాధ్యం కాదు.

భద్రత విషయంలో అతిగా భయపడాల్సిన పని లేదు, అలాగని కొట్టిపారేయాల్సిందీ కాదు. డీఎన్‌ఏకు హాని చేసే అవకాశాన్ని తోసిపుచ్చలేమంటూ యూరప్ ఆహార భద్రతా సంస్థ 2021లో చెప్పడంతో, 2022లో అక్కడ టైటానియం డయాక్సైడ్‌ను ఆహారంలో రంగుగా వాడటం నిషేధించారు. తిండిలో తినడం వేరు, రెజిన్‌లో బంధించి ఉండటం వేరు. అయినా యూరప్ వైద్య పరికరాల చట్టం నానో పదార్థాలున్న పరికరాలకు ప్రత్యేక నియమం పెట్టింది. శరీరం లోపలికి పోయే అవకాశం ఎంత ఎక్కువైతే అంత కఠినమైన తరగతిలో చేరుస్తుంది. వెండికి బ్యాక్టీరియా అలవాటు పడదన్న నమ్మకమూ వీగిపోయింది. 2018లో చెక్ పరిశోధకులు, వెండి నానో కణాలకు పదే పదే గురైన ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా ఒక ప్రొటీన్‌ను విడుదల చేసి ఆ కణాలను ముద్దలుగా మార్చి పనికిరాకుండా చేస్తోందని చూపించారు.

ప్యాకెట్ మీద నానో అన్న మాట చూసి మురిసిపోయే ముందు ఒకటి తెలుసుకోవాలి. మార్కెట్లో నానో పేరుతో దొరికే డెంటల్ కాంపోజిట్లలో (పళ్లకు వాడే రెజిన్ పదార్థాలు) ఉండేది ఎక్కువగా సిలికా, జిర్కోనియా కణాలు. అవి బలానికీ నునుపుకీ వేసినవి, బ్యాక్టీరియాతో వాటికి సంబంధం లేదు. పుచ్చు భయం ఎక్కువున్నవారికి రెజిన్ కలిపిన గ్లాస్ అయోనోమర్ వాడటం, అంచు దాటి పొంగిన సిమెంటును అంటించిన వెంటనే తుడిచేయడం, ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం వంటివి ఇప్పుడే చేతిలో ఉన్న ఉపాయాలు. మన దేశంలో మామూలు టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1,000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) దాటకూడదన్న నియమం ఉంది. క్లిప్పులున్నవారికి విదేశాల్లో 5,000 పీపీఎం పేస్టు రాసిస్తున్నారు. ఫ్లోరోసిస్ ప్రాంతాల పిల్లలకు దాన్ని గుడ్డిగా సూచించడం కుదరదు గానీ, మిగతా చోట్ల చర్చించదగ్గ విషయమే.

ఇక క్లిప్పులు తీసే రోజు. బ్రాకెట్ ఊడాక పంటి మీద మిగిలిన సిమెంటును టంగ్‌స్టన్ కార్బైడ్ బర్రుతో (వేగంగా తిరిగే చిన్న మొన) గీకేస్తారు. మామూలు సిమెంటును గీకినప్పుడు కూడా ఊపిరితిత్తుల లోతుల దాకా పోగలిగేంత సన్నటి ధూళి లేస్తుందని కొలిచి చెప్పారు. వెండి, టైటానియం కలిపిన సిమెంటును గీకితే ఆ ధూళిలో అవీ ఉంటాయి. పేషెంటుకు అది జీవితంలో ఒకసారి, పది నిమిషాల పని. అదే గదిలో రోజుకు నలుగురైదుగురికి గీకే డాక్టరుకూ, పక్కన సక్షన్ పట్టుకుని నిలబడే అసిస్టెంటుకూ అది ఏళ్ల తరబడి పీల్చే గాలి. కొత్త సిమెంటు పట్టు ఎంత, ఎన్ని బ్యాక్టీరియా చచ్చాయి అన్న రెండు పట్టికల పక్కన, గీకితే గాల్లోకి ఏం లేస్తుందన్న మూడో పట్టిక కూడా ఉండాలి. ప్రస్తుతానికి నీళ్లు చల్లుతూ గీకడం, బలమైన సక్షన్ పెట్టడం, మంచి మాస్కు కట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.